కే డ్రామాలు చూసేవాళ్ళకి కామెన్ రైడర్ చెప్పొచ్చా, చెప్పకూడదా?

కేడ్రామా_లోకం:
మా గ్రూప్‌లో ఒకమ్మాయి అడిగింది, స్క్విడ్ గేమ్ అయిపోయింది, ఆలిస్ ఇన్ బోర్డర్‌ల్యాండ్ అయిపోయింది, సిగ్నల్ అనే కొరియన్ పోలీసు డ్రామా కూడా చూసేశా, ఇలాంటివే ఇంకేమన్నా చెప్పండి అని. ఒకాయన ఠక్కున కామెన్ రైడర్ ర్యూకి చూడు అన్నారు, అదే, బెల్టు పెట్టుకుని సూటు హీరోలుగా మారిపోయే ఆ జపాన్ టీవీ సిరీస్‌లలో ఒకటి. ఆ పిల్ల ఏదో క్లిప్ చూసి ఇది చిన్నపిల్లల షో కదా అనేసి ఇంక ఆ ఊసే ఎత్తలేదు. నేననేది డ్రామా అడిగినవాళ్ళకి డ్రామానే చెప్పాలి. కొరియాలో స్ట్రేంజర్ ఉంది, చైనాలో రీసెట్ ఉంది, బస్సు పేలిపోతుంది, అందులో ఉన్న ఇద్దరు మళ్ళీ మళ్ళీ అదే ప్రయాణంలో కళ్ళు తెరుస్తారు, 15 ఎపిసోడ్లే, ఊపిరి ఆడదు. ఇన్ని ఉండగా బెల్టు తిప్పి అరిచేవాళ్ళని చూడమనడం ఏంటండీ? మీరేమంటారు?

ఓరుగల్లు_రైడర్:
అక్కా, నేనైతే ఒప్పుకోను. స్క్విడ్ గేమ్ 2021ల వచ్చింది, ర్యూకి 2002ది. 13 మంది రైడర్లు, ఒకల్నొకలు చంపుకోవాలె, ఆఖరికి మిగిలినోడు ఏం కోరుకుంటే అది అయితది. ఒకడు కోమాల ఉన్న పిల్ల కోసం కొట్లాడుతడు, ఇంకొకడు లాయరు, మందు లేని రోగం, బతకాలని కొట్లాడుతడు. హీరో విలేకరి, ఆయనకు కోరికే లేదు, ఈ కొట్లాట ఆపాలని అందులకు దిగుతడు. ఇప్పుడు చెప్పు, ఆ అమ్మాయి అడిగింది ఇది కాదా?

నీలి_తెర:
కథ వింటే బానే ఉంటది బ్రో, చూస్తే తెలుస్తది. కొన్ని వారాలకోసారి ఒక కొత్త కార్డో హీరోకి కొత్త రూపమో దిగుద్ది, ఎందుకంటే బందాయ్ అనే బొమ్మల కంపెనీ వాళ్ళు ఆ బొమ్మ షాపులో పెట్టాలి కాబట్టి. జెటిక్స్ ఛానల్లో తెలుగులో పవర్ రేంజర్స్ చూసి పెరిగిన బ్యాచ్ మనం, మనకి ఆ ఇష్టం ఉంది, అది లేనివాళ్ళ మీద రుద్దకూడదు. పైగా 50 ఎపిసోడ్లు. 16 ఎపిసోడ్ల కొరియన్ సిరీస్ అలవాటైనోళ్ళు ఎక్కడ కూర్చుంటారు?

బెల్ట్_అండ్_బైక్:
బొమ్మల సంగతి నిజమే, దాయాల్సిన పనేం లేదు, టోయ్ అనే జపాన్ స్టూడియో తీసే ఈ సిరీస్‌లకి బొమ్మల అమ్మకాలే ఇంధనం. కానీ ఆ లెక్కన గోబ్లిన్ అనే కొరియన్ డ్రామాలో పాత్రలు సబ్‌వే షాపుకి వెళ్ళి శాండ్‌విచ్ తినేది ఎందుకు? డబ్బులిచ్చినవాడి సరుకు రెండు చోట్లా కనపడుద్ది, దాన్ని పట్టుకుని ఒకటి డ్రామా ఇంకొకటి బొమ్మల యాడ్ అనడం న్యాయం కాదు.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే "కామెన్ రైడర్ చూడు" అని బ్రాండ్ పేరు చెప్పి వదిలేస్తాం. 1971లో ఇషినొమొరి షోతారో మొదలుపెట్టినప్పట్నుంచి ఇన్నేళ్ళలో ఎన్ని సిరీస్‌లు, ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు, ఒకటి కామెడీ ఒకటి పోలీసు కథ. దేశాన్ని బట్టో సూటుని బట్టో కాదు, ఎవరు రాశారు, కథలో ముడి ఏంటి అని చూసి చెప్పాలి. ర్యూకికి ప్రధాన రచయిత్రి కోబయాషి యాసుకో, తర్వాత వచ్చిన డెన్ ఓ, ఓఓఓ అనే రైడర్ సిరీస్‌లు కూడా ఆవిడే, అటాక్ ఆన్ టైటన్ యానిమే మొదటి మూడు సీజన్ల స్క్రిప్ట్ బాధ్యతా ఆవిడదే. టైటన్ చూసినోళ్ళని పిల్లల షో చూశారని ఎవరన్నా అంటున్నామా?

సిగ్నల్ నచ్చినవాళ్ళకి నేనైతే ర్యూకి చెప్పను, కూగా అనే రైడర్ సిరీస్ చెప్తాను. 2000లో వచ్చింది, 49 ఎపిసోడ్లు. అది సగం పోలీసు డ్రామా. ఏ టైము, ఏ చోటు అని తెర మీద పడుతూ ఉంటుంది, రాక్షసులు ఊరికే చంపరు, వాళ్ళకో ఆట ఉంటుంది, ఫలానా పద్ధతిలో, ఫలానా టైములోపు ఇంతమంది అని. ఇచిజో అనే పోలీసాయన, టీమూ కూర్చుని ఆ పద్ధతి కనిపెట్టాలి, అది దొరికేదాకా శవాలు లేస్తూనే ఉంటాయి.

రెండో ఎపిసోడ్ ఒక్కటి చెప్తా. మొదటి ఎపిసోడ్‌లో హీరో యూసుకే రైడర్‌గా మారతాడు గానీ తెల్ల రంగు సూటులోకి మారతాడు, బలం చాలదు, ఎందుకంటే ఇంకా మనసు గట్టిపడలేదు. రెండో దాంట్లో ఒక మనిషి అంత్యక్రియల దగ్గర ఆ మనిషి చిన్న కూతురు ఏడవడం చూస్తాడు. తర్వాత చర్చి తగలబడుతుంటే ఆ మంటల మధ్య నిలబడి, ఇలాంటి వాళ్ళ వల్ల ఇంకెవరూ ఏడవడం నేను చూడలేను, అందరూ నవ్వుతూ ఉండాలి అంటాడు, అని మారతాడు, ఈసారి ఎరుపు. పవర్ పెరిగిందని కాదు, ఆ కన్నీళ్ళు చూశాడు కాబట్టి రంగు మారింది. ఇంత కథ ఒక సూటు రంగులో చెప్పారు, సూటు వద్దనుకుంటే ఇది పోద్ది. 48వ ఎపిసోడ్ మంచులో కొట్లాట గురించి చెప్పను, చూడండి, అందులో ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో గమనించండి చాలు. 49వ దాంట్లో అసలు ఫైటే లేదు, మిగిలిన మనుషులు మాట్లాడుకుంటారు అంతే.

కేడ్రామా_లోకం:
ఇలా చెప్తే చూడాలనిపిస్తుంది, కాదనను. కానీ మీరు రచయితని, ముడిని చూసి చెప్పండి అంటున్నారు, ఆ అమ్మాయికి చెప్పినాయన కూడా ముడి చూసే చెప్పారు కదా, స్క్విడ్ గేమ్‌కి ర్యూకి. అయినా పారిపోయింది. 2002 నాటి గ్రాఫిక్స్ ముందు ఏ ముడీ ఆగదు తమ్ముడూ.

బెల్ట్_అండ్_బైక్:
అక్కా, పారిపోయింది ముడి వల్ల కాదు, తను చూసింది క్లిప్ కాబట్టి. అద్దంలోంచి డ్రాగన్ వచ్చే ముక్క ఒక్కటే చూపిస్తే ఎవరైనా అంతే. మీరు రిప్లై 1988 అనే కొరియన్ డ్రామాని క్లిప్‌లో చూపిస్తే ఏముంటుంది, అన్నం గిన్నెలు పట్టుకుని ఒకింట్లోంచి ఇంకోఇంటికి తిరగడమే కదా. గ్రాఫిక్స్ మాట ఒప్పుకుంటా, అందుకే కళ్ళకి పాతది పడనివాళ్ళకి 2022లో ప్రైమ్‌లో వచ్చిన బ్లాక్ సన్ చెప్పాలి, 10 ఎపిసోడ్లు, నిషిజిమా హిదెతోషి హీరో, వయసైపోయిన రైడరు, వివక్ష మీద రాజకీయాల మీద నడిచే కథ, రక్తం బాగా ఉంటుంది, పిల్లల పక్కన కూర్చుని చూడొద్దు.

నీలి_తెర:
బ్లాక్ సన్ నేను ఒప్పుకుంటా. కానీ దాన్ని ఒప్పుకుంటే నా మాటే నెగ్గినట్టు, అది బొమ్మల కోసం తీసింది కాదు, పెద్దోళ్ళ కోసం తీసింది.

ఓరుగల్లు_రైడర్:
గట్ల కాదన్నా. బ్లాక్ సన్ కంటే గైమ్ అనే రైడర్ సిరీస్ చూడు, ఆదివారం పొద్దుగాల పిల్లల టైములనే వచ్చింది, 2013ల. రాసింది ఉరొబుచి గెన్, మడోకా మాజికా అనే యానిమే రాసినాయన. హీరోలు నారింజ, అరటిపండు కవచాలు ఏసుకుంటరు, నవ్వుతవు, ఆ కథల ఉన్న కంపెనీ ఊరిని ఎట్ల వాడుకుంటున్నదో తెలిసినంక నవ్వవు. బొమ్మలు అమ్ముకుంటనే గా కథ చెప్పిండు.

కేడ్రామా_లోకం:
సరే, ఆ అమ్మాయికి కూగా మొదటి రెండు ఎపిసోడ్లు పంపిస్తాను, క్లిప్ కాదు, రెండూ పూర్తిగా. నచ్చకపోతే మాత్రం రీసెట్‌కి వెళ్ళమంటాను, అప్పుడు మీరెవరూ మధ్యలోకి రావద్దు.

బెల్ట్_అండ్_బైక్:
రాము అక్కా. ఒక్కటే, ముందే "పిల్లల షో అనుకోకు" అని చెప్పి పంపకండి, అలా చెప్తే అదే వెతుక్కుంటూ చూస్తారు. పోలీసు కథ అని చెప్పండి చాలు.