బుల్లెట్ క్రాంక్‌కేస్ పగులు: వెల్డింగ్ పెడితే నల్లగా పొంగుతోంది

నాన్నగారి పాత బుల్లెట్. చైన్ తెగి క్రాంక్‌కేసుకి (ఇంజిన్ అడుగు భాగపు అల్యూమినియం పెట్టె) కొట్టింది, స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) వెనకాల రెండంగుళాల పగులు. పెట్రోల్‌తో రెండుసార్లు కడిగి ఆటోనగర్‌లో టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ ముల్లుతో చేసే కరెంటు వెల్డింగ్) చేయిస్తే, ఆర్క్ (కరెంటు మెరుపు) తగలగానే నల్లటి నురగ, పూసంతా (వెల్డింగ్ గీతంతా) చిల్లులు. ఇక పారేయాల్సిందేనా?

జవాబు: పారేయకండి అన్నా. అన్నేళ్ల ఆయిల్, పోత పోసిన అల్యూమినియం సన్న రంధ్రాల్లోకి ఇంకిపోయింది, పైపైన కడిగితే పోదు. బేరింగులు, సీళ్లు తీసేసి ఓవెన్‌లో 150-200 డిగ్రీలకి వేడి చేయండి. చెమట పట్టినట్టు ఆయిల్ బయటికొస్తుంది. పూర్తిగా చల్లారాక అసిటోన్‌తో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ వేడి. నేను నాలుగుసార్లు చేశాను. మా ఆవిడ ఇప్పటికీ నన్ను ఓవెన్ ముట్టుకోనివ్వదు. పగులు చివర్లలో 3 మి.మీ. చిల్లు పెట్టి, కార్బైడ్ బర్‌తో (గిర్రున తిరిగే గట్టి కోత ముక్క) ‘వి’లా తవ్వండి. గ్రైండింగ్ రాయి వద్దు, దాని పొడి లోహంలో ఇరుక్కుంటుంది. ఏసీ కరెంటుతో టిగ్, 4043 రాడ్ (అల్యూమినియం-సిలికాన్ వెల్డింగ్ కడ్డీ). మొదటి పూస నల్లగానే వస్తుంది, తవ్వి పారేసి మళ్లీ వేయించండి.

ఇంకొకరు: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ మాత్రం వాడకండి. ఆర్క్ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

అడిగినవారు: మూడో పూస తెల్లగా నిలిచింది. వంకర పోకుండా కేసు రెండు సగాలూ బోల్టులతో బిగించే వేయించాను. తర్వాత విప్పి, కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచితే కింద పేపరు పొడిగానే ఉంది.