ఫిన్నిష్ 'పప్పి' (పూజారి) స్లావిక్ నుంచి వచ్చిందా, జర్మన్ నుంచా?

ఫిన్లాండ్‌కు చర్చి వ్యవస్థ 12వ శతాబ్దం నుంచి ప్రధానంగా స్వీడన్ వైపు నుంచి వచ్చింది. అయినా ఫిన్నిష్‌లోని అతి పాత క్రైస్తవ పదాలు తూర్పు స్లావిక్ (రష్యన్ వంటి భాషల పూర్వరూపం) నుంచి వచ్చినవే: రిస్తి (సిలువ), పకన (అన్యమతస్థుడు), రామత్తు (బైబిలు). సిలువకు స్లావిక్ మాట 'క్రిస్తు'లో మొదటి 'క' రాలిపోయి 'రిస్తి' మిగిలింది. పాత ఫిన్నిష్ మాట మొదట్లో సంయుక్తాక్షరాన్ని నిలుపుకోదు కదా, అది ఎంతో ముచ్చటైన మార్పు.

నాకు కొరుకుడు పడనిది 'పప్పి'. స్లావిక్ 'పొపు' నుంచి అనుకుంటే, 'ఒ' స్థానంలో 'అ' రావడం సరిపోతుంది. 'పొగాను' కూడా 'పకన' అయింది. ద్విత్వమూ సరే. చివరి అచ్చు దగ్గరే ఆగిపోయాను. చిక్కుడు జాతి గింజకు స్లావిక్ మాట 'బొబు', ఫిన్నిష్‌లో అది 'పపు' అయి ఉకారం నిలిచింది. 'పప్పి', 'రిస్తి' మాత్రం ఇకారంతో ముగుస్తాయి. ఫిన్నిష్‌కు దగ్గరి భాష ఎస్టోనియన్‌తో పోల్చి చూశాను; అక్కడ ప్రథమా విభక్తిలో 'పప్', 'రిస్ట్' అని చివరి అచ్చే లేదు. ఉత్తర జర్మనీ భాష అయిన 'లో జర్మన్'లో పూజారికి 'పాపె' అనే మాట కూడా ఉండడంతో అనుమానం ఇంకా పెరిగింది.

'పప్పి' చివరి ఇకారం జర్మన్ ప్రభావానికి గుర్తా, లేక 'పపు' కంటే తర్వాతి కాలంలో స్లావిక్ నుంచే తీసుకున్నారనడానికి గుర్తా?