మత్తు సూది సంగతి పేషెంటుకు ముందే చెప్పాలా, దాచాలా?

కావలి నుంచి
మా అమ్మకు అరవై దాటాయి. కింది దవడలో పిప్పి పన్నుకు రూట్ కెనాల్ మొదలుపెట్టారు. సూదంటే ఆమెకు చచ్చేంత భయమని ముందే చెప్పాం. డాక్టరు గారు "ఊరికే చూస్తానమ్మా, నోరు తెరవండి" అంటూ సిరంజి కనపడకుండా పట్టుకుని గుచ్చేశారు. నొప్పి పెద్దగా లేదంట. కానీ అమ్మ మళ్ళీ ఆ కుర్చీ ఎక్కనంటోంది. రెండో సిట్టింగ్ ఆగిపోయి, పన్ను టెంపరరీ సిమెంటుతో అలాగే ఉంది. "సూదికి ఓర్చుకున్నా. నాతో అబద్ధమాడాడే, ఇక ఏం చెప్పినా ఎట్లా నమ్మేది?" అంటుంది. ముందే చెప్పుంటే ఆ రోజే లేచి వచ్చేసేదని, డాక్టరు చేసిందే రైటని మా అన్నయ్య వాదన. నాకైతే అమ్మ మాటే న్యాయంగా ఉంది. మీరేమంటారు?

ఒంగోలు నుంచి
నేను మీ అన్నయ్య వైపే. మా నాన్నకు ఒక డాక్టరు అన్నీ వివరంగా చెప్పారు. ఇక్కడ గుచ్చుతా, దీంతో కదిలిస్తా, దీంతో పీకుతా అని ట్రేలో సామాన్లన్నీ చూపించారు. నాన్న చొక్కా చెమటతో తడిసిపోయింది. బీపీ చూసి, ఈరోజు వద్దని పంపేశారు. తర్వాత ఇంకోచోట మాటల్లో పెట్టి పీకేశారు, అయిపోయింది. భయస్తులకు ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిది. పైగా సాయంత్రం పూట బయట జనం నిండి ఉంటే ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికుంటుంది?

నెల్లూరు నుంచి, పళ్ళ డాక్టరును
అన్నా, మీ నాన్నగారికి ఆ డాక్టరు పరికరాల గురించి చెప్పారు. పేషెంటుకు కావలసింది తన ఒంట్లో ఏం తెలుస్తుందన్నది. నేనైతే ఇలా చెబుతా: ముందు చిగురు తుడిచి జెల్ రాస్తా, ఒకటి రెండు నిమిషాలు ఆగుతా. గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, మందు వెళ్ళేటప్పుడు బిగిసినట్టు ఉంటుంది. తర్వాత పెదవి, నాలుక ఒకవైపు మొద్దుబారతాయి. కొన్ని గంటల్లో మామూలవుతాయి.

ఇంకోటి కూడా చెప్పి తీరాలి. మత్తు మందులో సాధారణంగా అడ్రినలిన్ కలిపి ఉంటుంది. కొందరికి కాసేపు గుండె దడదడలాడుతుంది. ముందు చెప్పకపోతే గుండెపోటే అనుకుని బెదిరిపోతారు. చెప్పి ఉంటే "ఆ, ఇదేనా" అని ఊరుకుంటారు.

మందు గబగబా తోస్తే నొప్పి ఎక్కువ. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున మెల్లగా ఎక్కించాలి. ఇక చేయి ఎత్తితే ఆపేస్తానని మాటిచ్చాక నిజంగా ఆపాలి. చాలామంది మొదటిసారి ఊరికే పరీక్షించడానికే ఎత్తుతారు. అప్పుడు ఆపితే మిగతా పని సాఫీగా సాగుతుంది. సమయం కలిసొచ్చేది అక్కడే.

ముందు "మీకు దేనికి భయం?" అని అడగాలి. పై పన్ను పీకితే చూపు పోతుందని నమ్మి వణికేవాళ్ళు ఇప్పటికీ వస్తున్నారు. అది నిజం కాదు, కానీ అడగందే ఆ భయం బయటికి రాదు.

పొదిలి నుంచి
మా వైపు భయం సూదితో మొదలు కాదండీ. నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల చిన్నప్పటి నుంచే పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు. పన్ను చిగురులో తయారయ్యేటప్పుడే పట్టిన మరకలు, ఎంత తోమినా పోవు. మా చెల్లెలు నోరు తెరవగానే డాక్టరమ్మ అన్న మొదటి మాట "బ్రష్ చేయవా?" చెల్లెలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని లేచి వచ్చేసింది. తర్వాత పన్ను వాచినా లవంగ నూనె, మెడికల్ షాపు బిళ్ళలతోనే నెట్టుకొచ్చింది. సూది చెప్పాలా దాచాలా అనే ముందు, ఆ మొదటి మాట మార్చుకోమనండి.

ఆత్మకూరు నుంచి
నాకు మాత్రం చెప్పొద్దనే అడుగుతా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుంటా. అయితే అది నేను కోరుకున్నది. ఈ అక్క వాళ్ళ అమ్మగారిని ఎవరూ అడగలేదు.

ఒంగోలు నుంచి
అడగడం వరకు ఒప్పుకుంటా. మరి ఐదేళ్ళ పిల్లకు కూడా సూది అని చెబుతారా డాక్టరు గారూ?

నెల్లూరు నుంచి, పళ్ళ డాక్టరును
సూది అనే మాట వాడను. పన్నును నిద్రపుచ్చే మందు వేస్తా, కాస్త చురుక్కుమంటుంది అంటా. అసలు నొప్పే ఉండదని మాత్రం అనను.

కావలి అక్కా, టెంపరరీ సిమెంటు ఎక్కువ కాలం ఆగదు. ఊడితే మళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తుంది. చీము పట్టిన చోట మత్తు సరిగా పట్టదు. "మత్తెక్కకుండానే చేశారు" అనే కథలు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. మొదటిసారి నరం పూర్తిగా తీసేసి ఉంటే రెండోసారి సూది అవసరం పడకపోవచ్చు కూడా. పొద్దున పూట తీసుకెళ్ళండి. ఖాళీ కడుపుతో వద్దు, దోశో ఇడ్లీయో తిని, వాడే బీపీ మాత్ర వేసుకునే వెళ్ళాలి.

కావలి నుంచి
అమ్మకు ఇదంతా చదివి వినిపించా. "చేయెత్తితే నిజంగా ఆపుతాడా?" అని అదొక్కటే అడిగింది. ఇంకో డాక్టరుకు ఫోన్ చేసి ఆ మాట తీసుకున్నాకే బయల్దేరదీస్తా.