రిజైన్ లెటర్ మీద సంతకం పెడితే ఈఎస్ఐ నిరుద్యోగ భృతి పోతుందా?

ప్రశ్న:
ప్యాకింగ్ సెక్షన్‌లో రెండేళ్ల నాలుగు నెలల నుంచి చేస్తున్నాను. జీతం 18,000. ఈఎస్ఐ కింద నెలకు 135 కట్ అవుతుంది. ఈ ఆగస్టులో ఆర్డర్లు లేవని మా పదకొండు మందిని పిలిచారు. హెచ్‌ఆర్ టేబుల్ మీద లెటర్లు ముందే టైప్ చేసి ఉన్నాయి, "సొంత కారణాల వల్ల మానేస్తున్నాను" అని. పేరు దగ్గర మాత్రం ఖాళీ. సంతకం పెడితే సెటిల్‌మెంట్ తొందరగా అవుతుందట. పది మంది పెట్టేశారు. నేను ఇంట్లో అడిగి చెప్తా సార్ అని బయటికొచ్చేశాను. ఇంకో టెన్షన్ ఏంటంటే, నాన్న ఆపరేషన్ కోసం నవంబర్ నుంచి జనవరి దాకా 80 రోజులు జీతం లేని సెలవు పెట్టాను. భృతికి నేను పనికొస్తానా?

జవాబు:
పెట్టకు తమ్ముడూ. నేను పెట్టి పోగొట్టుకున్నాను. ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో క్లర్కు స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు, మానేసిన కారణం దగ్గర "రాజీనామా" అని ఉంది. ఇంకేం మాట్లాడతాం?

నువ్వు అడిగేది 2018 జూలైలో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. సొంతంగా మానేసినా, తప్పు చేసి తీసేసినా, చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మెలో ఉన్నా, రిటైరైనా ఇవ్వరు. మిగతాది రోజుల లెక్క. ఉద్యోగం పోయే ముందు రెండేళ్లు ఈఎస్ఐలో ఉండాలి, నీకు ఉంది. వాళ్ల లెక్కలో ఏడాదికి రెండు ముక్కలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. ఉద్యోగం పోయిన ముక్కకి సరిగ్గా ముందు ముక్కలో 78 రోజుల చందా, అంతకు ముందు మూడింటిలో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు కట్టి ఉండాలి. నీ 80 రోజులు పడింది అక్టోబర్-మార్చిలోనే కదా? ఆ ఆరు నెలల 182 రోజుల్లో తీసేస్తే 102 మిగిలాయి. గట్టెక్కావు.

వచ్చేది సగటు రోజు కూలిలో సగం, 90 రోజుల వరకు. నీకు రోజుకు 600 అనుకుంటే మొత్తం 27,000. జీవితంలో ఆ 90 రోజులే. పని పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ పెట్టుకోవచ్చు. కంపెనీ ద్వారా పంపక్కర్లేదు, నువ్వే ఇవ్వొచ్చు. పథకం గడువు పొడిగిస్తూ వస్తున్నారు, వెళ్లేముందు అది ఒకసారి కనుక్కో.

మరో జవాబు:
లెటర్ కంపెనీయే ఇవ్వాలి, "పని లేక తొలగిస్తున్నాం" అని. అలా రిట్రెంచ్‌మెంట్ (పని లేక తొలగింపు) అని తేలితే ఈఎస్ఐలోనే ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కూడా అడగండి. రెండేళ్లు కట్టి ఉంటే చాలు. మొదటి ఏడాది కూలిలో సగం, రెండో ఏడాది పావు వంతు ఇస్తారు. దీని గురించి మనవాళ్లకి ఎవరూ చెప్పరు.

అడిగిన వ్యక్తి:
థాంక్స్ అన్నా. రేపు పదింటికి రమ్మన్నారు. "తీసేస్తున్నామని మీరే రాసివ్వండి సార్" అంటాను. ఆ పది మందిలో ఇద్దరి లెటర్లు ఇంకా పైకి పంపలేదట, వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.