సమస్య: దయ్యముఁ జూపిన భయంబు దవ్వై పోయెన్

నిర్వాహకుడు (కడప):
ఈ వారం కందపద్యపు చివరి పాదం ఇస్తున్నాను, ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి. నవలగా చదివినప్పుడు వణికించిన కథ తెరకెక్కాక ఏమవుతుందన్న విషయం మీదనే పూరించవలసిందిగా మనవి. తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన రోజుల్లో, చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లడానికి మా ఇంట్లో ఒకరికొకరం తోడు పోయేవాళ్లం. ఆ కథకు కొనసాగింపైన తులసి ఆధారంగా 1986లో కాష్మోరా సినిమా వచ్చింది. అది చూసి ఇంటికి నడిచి వస్తూ మేము మాట్లాడుకున్నదంతా మేకప్పు గురించే. సమస్య అక్కడ పుట్టింది.

గండికోట (జమ్మలమడుగు):
గురువుగారికి నమస్కారం. 1959 నాటి ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ నవలను మనసులో పెట్టుకొని రాశాను.

అయ్యెడఁ దలుపుల చప్పుడు
నెయ్యముగాఁ జదువువేళ నిదురనుఁ దోలెన్
అయ్యో! రంగుల తెరపై
దయ్యముఁ జూపిన భయంబు దవ్వై పోయెన్

ఈ నవలను రాబర్ట్ వైజ్ 1963లో నలుపు తెలుపుల్లో తీసినప్పుడు దయ్యాన్ని ఒక్కసారి కూడా చూపలేదు. గదిలో ఉన్నవారంతా బిక్కుబిక్కుమంటూ చూస్తుండగా, మూసిన చెక్క తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బుతుంది, అంతే. 1999లో అదే కథను మళ్లీ తీసినవారు కంప్యూటర్ బొమ్మలతో దయ్యాన్ని నిలువునా నిలబెట్టారు. నాకు నవ్వు వచ్చింది.

నిర్వాహకుడు:
భావం బాగుంది, మూడవ పాదం సమస్యలోకి నీళ్లలా జారింది. అయితే దయ్యాల నవలను నెయ్యంగా చదివేవారెవరు నాయనా? ఆ మాట ప్రాస కోసం వచ్చి కూర్చుంది. ‘తోలెన్’ తరువాత ‘అయ్యో’ విసంధి, అంటే కలవవలసిన సంధి కలవలేదు. ఆశ్చర్యార్థకం దగ్గర గొంతు ఎలాగూ ఆగుతుంది కాబట్టి దానిని నేను పట్టించుకోను. రెండవ పాదాన్ని ‘శయ్యపయిం జదువువేళ జడిపించె మదిన్’ అని మార్చి చూడండి. శకార జకారాలకు యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండవలసిన మైత్రి) చెల్లుతుంది, పడక మీద పుస్తకం పట్టుకున్న మనిషీ కనబడతాడు.

ఎర్రనేల (అనంతపురం):
చూపడమే తప్పన్నట్టు మాట్లాడటం నాకు నచ్చలేదు. చూపినందువల్ల భయం పోయి అంతకంటె గొప్పది వచ్చిన సందర్భం ఉన్నది.

అయ్యసుర కొలని చెంతను
సయ్యాటలు బాలతోడ సల్పఁగఁ బూలన్
గుయ్యిడె నెడఁద కరుణతో
దయ్యముఁ జూపిన భయంబు దవ్వై పోయెన్

మేరీ షెల్లీ 1818లో వెలువరించిన ఫ్రాంకెన్‌స్టైన్‌లో ఆ వికృతజీవి నదిలో పడిన పిల్లను కాపాడి, ప్రతిఫలంగా తుపాకిగుండు తింటాడు. అక్కడ అతడు పుటలకొద్దీ మాట్లాడతాడు. 1931లో జేమ్స్ వేల్ తీసిన చిత్రంలో అతడికి మాటే లేదు. కొలను ఒడ్డున పాపతో కలిసి పూలను నీళ్లలో తేలవేసే ఆ నాలుగు క్షణాలలో బోరిస్ కార్లాఫ్ ముఖమే మాట్లాడుతుంది. నవల నుంచి ఇంత దూరం జరిగి కూడా నవలకు న్యాయం చేసిన ఘట్టం నేను మరొకటి చూడలేదు.

తుంగభద్ర (కర్నూలు):
అన్నా, ‘సయ్యాట’ సరసానికి వాడే మాట, పసిపాప పక్కన దానిని ఎలా పెట్టారు? ‘అసుర’ కూడా ‘అసురుఁడు’ కావలసింది. ఇంతకంటె పెద్ద చిక్కు కథలో ఉన్నది. పూలు అయిపోగానే, పాప కూడా పువ్వులాగే తేలుతుందనుకొని అతడు ఆమెను నీళ్లలోకి విసిరేస్తాడు. మీ పద్యం ఆ క్షణానికి ముందే తెర దించేసింది.

ఎర్రనేల:
సయ్యాట విషయంలో తప్పు నాదే తల్లీ. విసిరివేసే ఆ ముక్కను కొన్నిచోట్ల సెన్సారువారు కత్తిరించినందువల్ల, చాలా ఏళ్లపాటు ప్రేక్షకులు చేతులు చాచిన అతడిని, ఆ వెంటనే తండ్రి చేతులలో పాప శవాన్ని మాత్రమే చూశారు. నడుమ ఏమి జరిగి ఉంటుందో వారు ఊహించుకున్నది అసలు దృశ్యం కంటె ఘోరం. కాబట్టి గండికోటవారి వాదమే ఇక్కడ గెలిచిందని ఒప్పుకుంటున్నాను.

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలను ఇలా సవరించుకోవచ్చును:

అయ్యసురునకుం గొలఁకున
నెయ్యముతో బాల యొసఁగె నెత్తావి విరుల్

గండికోటవారి దగ్గర వద్దన్న నెయ్యం ఇక్కడ అచ్చంగా అతికింది. ముందున్న ‘పూలన్’ పోయి ‘విరుల్’ వచ్చింది కనుక, మూడవ పాదంలో ‘గుయ్యిడె’ తిరిగి ‘కుయ్యిడె’ అవుతుందని మరువకండి.

పుష్పగిరి (కడప):
నేను సమస్యలోని ‘చూపిన’ అన్న మాటనే తిప్పాను.

శయ్యను నెత్తురుఁ బీల్చుచుఁ
దొయ్యలికడ రాత్రియెల్ల దొంగయి నిల్చెన్
నయ్యుదయపు టెండకు నా
దయ్యముఁ జూపిన భయంబు దవ్వై పోయెన్

1897 నాటి డ్రాక్యులా నవలలో రక్తపిశాచి అయిన ఆ ప్రభువు పట్టపగలు లండన్ వీధిలో కనబడతాడు. ఎండ అతడి శక్తులను తగ్గిస్తుందే కాని చంపదు. ఎండ తగిలి మాయమయ్యే సంగతి 1922లో ముర్నావ్ తీసిన జర్మన్ మూకీ చిత్రం నొస్ఫెరాటుతో వచ్చింది. హక్కులు కొనకుండా, పేర్లు మార్చి తీసిన ఆ చిత్రంపై డ్రాక్యులా రచయిత భార్య దావా వేయగా, ప్రతులన్నిటినీ నాశనం చేయాలని తీర్పు వచ్చింది. కొన్ని ప్రతులు ఎలాగో మిగిలాయి. దొంగతనంగా తీసిన సినిమాలోని కల్పనే ఇప్పుడు లోకమంతా రక్తపిశాచి లక్షణంగా చలామణీ అవుతున్నది.

నిర్వాహకుడు:
దయ్యాన్ని మనకు కాక ఎండకు చూపడంతో సమస్య విడిపోయింది. ‘దొంగయి’ అన్న మాట మీ వ్యాఖ్య చదివాక ఇంకా బాగుంది. ఈ వారానికి ఇదే మేలైన పూరణ.

తుంగభద్ర:
నాకు మాత్రం సమస్యే అబద్ధమనిపించింది.

కుయ్యో! యను పాపనుఁ గని
మెయ్యెల్ల వడంకె నేఁడు మేలుకొనంగా
నియ్యది కల్లయె సుమ్మీ
దయ్యముఁ జూపిన భయంబు దవ్వై పోయెన్

దయ్యం పట్టిన పిల్ల కథగా బ్లాటీ 1971లో రాసిన ఎగ్జార్సిస్ట్ నవలకు 1973 చిత్రంలో ఆయనే స్క్రీన్‌ప్లే రాసుకొని ఆస్కార్ అందుకున్నాడు. అందులో దాచినది తక్కువ, మంచం ఊగడం, తల తిరగడం అన్నీ కళ్లెదుటే.

గండికోట:
కల్ల అని కొట్టివేయడం పూరణలో పాత ఉపాయమే అయినా, ‘నియ్యది’ చక్కగా కుదిరింది. ఒక్క మాట అడుగుతాను, మీరు కళ్లు మూసుకున్నది ఏ దృశ్యం దగ్గర?

తుంగభద్ర:
ఆసుపత్రిలో ఆ పిల్ల మెడలో సూది గుచ్చే దృశ్యం దగ్గర. అందులో దయ్యం లేదు కదా అంటారు, తెలుసు. మూడవ పాదం మార్చి రేపు మళ్లీ పంపుతాను.