గుండె దడకు ఎమియోడరోన్ ఏళ్ల తరబడి వాడొచ్చా?

కందుకూరు అబ్బాయి: మా నాయనకు 70 దాటాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకుంటోందని నెల్లూరులో లయ సరిచేసే ఎమియోడరోన్ 200 మి.గ్రా. రాశారు. చాలాకాలంగా వేసుకుంటున్నారు. దడ తగ్గింది, పొలం దాకా నడిచి వస్తున్నారు. ఇప్పుడు ఇంకో డాక్టరు దీన్ని ఆపేసి, గుండె వేగం తగ్గించే మాత్ర చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఒంగోలు రైతుబిడ్డ: ఆపించండి. 2002లో వచ్చిన అఫర్మ్ పరిశోధనలో 4,060 మందిని చూశారు. లయ సరిచేసే మందులు వాడినవాళ్లు, వేగం మాత్రమే తగ్గించుకున్నవాళ్ల కంటే ఎక్కువ కాలమేమీ బతకలేదు. వేగం తగ్గించే మెటోప్రొలాల్‌తో పోయేదానికి ఇంత ఘాటు మందెందుకు?

కావలి: ఆ లెక్క పాతది. జబ్బు బయటపడ్డ ఏడాదిలోపే లయ సరిచేస్తే గుండె జబ్బు మరణాలు, పక్షవాతం తగ్గాయని 2020లో ఈస్ట్ పరిశోధన చెప్పింది.

కనిగిరి కోడలు: మా మామయ్యదీ ఇదే మందు. మే నెల కనిగిరి ఎండలో దుప్పటి కప్పుకొని కూర్చునేవారు. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. వయసన్నారు అందరూ. అత్తయ్య పట్టుబట్టి రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ పడిపోయిందని తేలింది. ఒక్క 200 మి.గ్రా. మాత్రలో సుమారు 75 మి.గ్రా. అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే! అంత అయోడిన్ పడితే థైరాయిడ్ దెబ్బతింటుంది. పాత చీటీ చూపిస్తే షాపులో స్ట్రిప్పు ఇస్తూనే ఉంటారు, పరీక్ష సంగతి ఎవరూ అడగరు. నాకు కోపం దాని మీదే. ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), లివర్ పరీక్షలు చేయించాల్సిందే. ఈ మందు ఊపిరితిత్తులనూ దెబ్బతీయొచ్చు, పొడి దగ్గు, ఆయాసం మొదలైతే వాటిని చూపించాలి.

ఒంగోలు రైతుబిడ్డ: అందుకేగా ఆపమంటున్నది!

కనిగిరి కోడలు: అందరికీ ఆ మాట చెల్లదండీ. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు లయ సరిచేసే ఇంకో మందు ఫ్లెకైనైడ్ ప్రమాదం. గుండెపోటు వచ్చినవాళ్లలో అది మరణాలు పెంచిందని 1989లోనే బయటపడింది. అలాంటివాళ్లకు లయ నిలబెట్టడానికి చాలాసార్లు ఎమియోడరోనే దిక్కు. తమ్ముడూ, నాయన ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం శాతం, ఎంతుంది?

కందుకూరు అబ్బాయి: 35 అని ఉందక్కా, గుండె బలహీనమేనట. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ కూడా వేస్తున్నాం.

ఒంగోలు రైతుబిడ్డ: ఈఎఫ్ 35 అని ముందే చెప్పుంటే అంత గట్టిగా అనేవాణ్ని కాదు. అయినా ఏళ్ల తరబడి వాడటం నాకిష్టం లేదు, అబ్లేషన్ (లయ చెడగొట్టే గుండె భాగాన్ని సన్నని గొట్టంతో వెళ్లి మాడ్చే చికిత్స) కుదురుతుందేమో అడగండి.

కనిగిరి కోడలు: అది అడగాల్సిందే. ఎమియోడరోన్ పక్కనుంటే వార్ఫరిన్ ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించండి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు. ఈ వారమే టీఎస్‌హెచ్ కూడా చేయించి, రిపోర్టులన్నీ పట్టుకొని కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లండి.