రెండేళ్లుగా ఆడుతున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ క్యాంపెయిన్ ఆగిపోయేలా ఉంది, ఆరుగురికీ ఒకే రోజు కుదరట్లేదు. ఏం చేయాలి?

కోట_గుమ్మం:
అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

హైదరాబాద్‌లో మేం ఆరుగురం ఆడుతున్నాం. ఇంజనీరింగ్ ఫ్రెండ్స్ నలుగురం, అందులో ఒకడి భార్య, మా పిన్ని కొడుకు. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక క్యారెక్టర్‌గా మాట్లాడుతూ, డైస్ వేస్తూ నడిపే కథ. అలా నెలల తరబడి సాగే ఒకే కథని క్యాంపెయిన్ అంటారు. మొదటి రోజు నుంచీ డీఎం (డంజన్ మాస్టర్) నేనే, అంటే కథ నడిపేదీ, అందులో ఎదురయ్యే మిగతా మనుషులందరి తరఫునా మాట్లాడేదీ నేనే. రూల్స్ పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా మా ఆట మొత్తం తెలుగులోనే, అందులో ఉన్న మజా నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఇంగ్లీషులో అయితే ఎవరినైనా 'యూ' అంటే సరిపోతుంది. తెలుగులో కోట కాపలావాడు నోరు తెరవగానే 'ఎవర్రా మీరు' అనాలా 'ఎవరండీ మీరు' అనాలా అని నేను తేల్చుకోవాలి. మా వాడి భార్య క్యారెక్టర్ జమీందారు ఇంటి నుంచి పారిపోయి దొంగగా బతుకుతున్న అమ్మాయి. ఆర్నెల్లపాటు ఊరూరా అందరిచేతా 'ఏయ్, ఒసేయ్' అనిపించుకుంది. ఒకరోజు సంతలో వాళ్ల పాత నౌకరు ఎదురుపడి 'అమ్మగారూ, మీరా' అన్నాడు. అంతే, టేబుల్ దగ్గర ఒక్కరూ మాట్లాడలేదు. ఆ 'గారు'తో ఆవిడ దాచిందంతా బయటపడిపోయింది, పక్కనున్న మిగతా నలుగురికీ అది తెలిసిపోయింది.

ఇలాంటివి గుర్తొచ్చినప్పుడే ఎక్కువ బాధ. దసరా తర్వాత ఇప్పటికి రెండే సెషన్లు జరిగాయి. ఒకడిది నైట్ షిఫ్ట్, ఒకడికి చిన్న పాప, ఒకడు వారం వారం బెంగళూరు వెళ్లొస్తాడు. ఏ రోజు కుదురుతుందని గ్రూపులో పోల్ పెడితే ఆరుగురికీ కలిసే రోజు ఒక్కటీ ఉండదు. నేను ఆరేడు గంటలు కూర్చుని అంతా రాసుకుంటాను, శనివారం మధ్యాహ్నానికి 'సారీ రా, ఈసారికి నేను లేకుండా కానిచ్చెయ్' అని మెసేజ్ వస్తుంది. పోయినసారి మా అమ్మ ఆరుగురికని పులిహోర కలిపింది, వచ్చింది ఇద్దరు. పైగా ఫైట్ మొదలైతే గంటన్నర దానికే పోతుంది, వంతు రాని వాళ్లు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. ఆపేయనా? ఆపాలని లేదు, కానీ అలిసిపోయాను.

గవ్వల_సంచి:
ఆపకండి. ముందు ఆ పోల్ పెట్టడం మానేయండి. ఆరుగురు ఉద్యోగస్తులకి ఒకేసారి కుదిరే రోజు కోసం చూస్తే ఎప్పటికీ దొరకదు. నెలలో మొదటి ఆదివారం, మూడో ఆదివారం అని ఖాయం చేసేయండి, ఇద్దరు రాకపోయినా, ముగ్గురు ఆటగాళ్లు వస్తే ఆట జరుగుతుందని ముందే చెప్పేయండి. రానివాళ్ల క్యారెక్టర్లు బండి దగ్గర కాపలా ఉన్నారనో, జ్వరమొచ్చి సత్రంలో పడుకున్నారనో ఒక వాక్యం చెప్తే చాలు. మా గుంటూరు బ్యాచ్‌లో నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. మొదట్లో నాకూ నచ్చలేదు, అందరూ లేకుండా కథ ముందుకెళ్తే అన్యాయం కదా అనిపించేది. కానీ ఆట ఎలాగూ జరుగుతుందని తెలిశాకే మావాళ్లు రావడం పెరిగింది. తను లేకపోతే ఆగిపోతుందనుకున్నవాడు వాయిదా వేయమని అడుగుతాడు, ఆగదని తెలిసినవాడు ఎలాగోలా వీలు చేసుకుంటాడు.

మలుపు_దారి:
పైన చెప్పింది ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. ఆ 'అమ్మగారు' లాంటి ఘట్టం నడుస్తున్నప్పుడు ఆ మనిషి లేకుండా ఆడకండి. ఆ రోజుకి వేరే చిన్న కథ ఏదైనా, ఒక్క రోజులో అయిపోయే వన్‌షాట్ ఆడుకోండి, అది కూడా మీ పిన్ని కొడుకుని నడపమనండి. రెండేళ్లుగా మీరొక్కరే మోస్తున్నారు. మీకూ ఒక క్యారెక్టర్ పట్టుకుని హాయిగా కూర్చునే రోజు కావాలి.

ఆరేడు గంటలు రాయడం మాత్రం తగ్గించండి. ఏం జరగబోతుందో రాసుకుంటే ఆటగాళ్లు పక్కదారి పట్టగానే ఆ రాతంతా వృథా. నేను ఒక పేజీ రాసుకుంటాను: ముగ్గురు మనుషులు, ఎవరికి ఏం కావాలి, వీళ్లు అడ్డుపడకపోతే ఏమవుతుంది. గంట చాలు.

ఫైట్ గురించి. ఐదుగురు ఆటగాళ్లు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, మీరు నడిపే గాబ్లిన్లకి, అదే ఆ చిన్న రాక్షసులకి, ఇంకో పది, అంటే ఒకడికి మళ్లీ వంతు రావడానికి ఇరవై నిమిషాల పైనే. ఫోన్ తీయక ఏం చేస్తాడు? ఒకరి వంతు నడుస్తుండగానే 'తర్వాత నువ్వు, ఆలోచించుకో' అని చెప్పండి. సగం గాబ్లిన్లు పడిపోతే మిగిలినవి పారిపోవాలి, ప్రాణభయం వాటికీ ఉంటుంది. అన్నీ చచ్చేదాకా కొట్టుకోవాలని ఏ రూలూ లేదు.

నిద్రలేని_గుడ్లగూబ:
నేను మీ గ్రూపులో 'సారీ' మెసేజ్ పెట్టే మనిషి లాంటిదాన్ని, అందుకే రాస్తున్నాను. మేం డాలస్‌లో ఉంటాం, ఆన్‌లైన్‌లో డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో తెలుగువాళ్లం ఐదుగురం ఆడతాం. మాకు శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర, విజయవాడ వాళ్లకి శనివారం పొద్దున్న ఎనిమిది. నవంబర్‌లో ఇక్కడ గడియారాలు మారాక వాళ్లకది తొమ్మిదవుతుంది, ప్రతి ఏడూ ఆ వారం ఎవరో ఒకరు తప్పు టైముకి వస్తారు.

బాబు పుట్టాక వరసగా మూడుసార్లు మానేశాను. అసలు విషయం ఏంటంటే, నాలుగోసారి టైమ్ ఉంది, అయినా వెళ్లలేదు. కథ ఎక్కడిదాకా వచ్చిందో తెలియదు, అడగడానికి మొహమాటం. అప్పుడు మా డీఎం అన్నయ్య నాకొక్కదానికి మూడు లైన్లు పంపారు, ఎవరు ఎక్కడున్నారు, నా క్యారెక్టర్ గురించి ఎవరేం అడిగారు అని. వెళ్లాను. ఆ రాత్రే నా క్యారెక్టర్ ఫైట్‌లో దెబ్బలు తిని కిందపడింది. డెత్ సేవ్స్ తెలుసు కదా, కిందపడ్డ క్యారెక్టర్ బతుకుతుందా లేదా అని వంతు వంతుకీ ఇరవై ముఖాల డైస్ వేయడం. పది, ఆ పైన పడితే గెలుపు, మూడు ఓటములైతే పోయినట్టే. నాకు అప్పటికే రెండు ఓటములు. బాబు ఒళ్లో పడుకున్నాడు, చప్పుడు కాకుండా దిండు మీద డైస్ వేశాను. ఇరవై పడింది. ఇరవై పడితే ఒక హిట్ పాయింట్‌తో, అంటే కాస్త ప్రాణంతో, లేచి నిలబడొచ్చు. అరవలేక నోరు మూసుకుని ఏడ్చేశాను. మీవాళ్లు ఆట మీద ఇష్టం పోయి మానేస్తున్నారనుకోకండి. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి చూడండి.

పాత_లాంతరు:
చిన్న మాట. 2023 జనవరిలో ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు, అంటే మూలం ఎవరిదో పేర్కొంటే దాన్ని తెలుగులోకి తెచ్చి పంచుకోవచ్చు. తెలుగులో ఒక్క పేజీ క్యారెక్టర్ షీట్, అంటే క్యారెక్టర్ వివరాలు రాసుకునే కాగితం, చేసి ఇస్తే చాలా నయం. మా నాన్నగారు అరవై దాటాక అలాగే నేర్చుకున్నారు. ఇంగ్లీషు పుస్తకం ముందు పెడితే దండం పెట్టేవారు, ఇప్పుడు మా టేబుల్ మీద కోట తలుపుల దగ్గర బేరమాడేది ఆయనే.

కోట_గుమ్మం:
అందరికీ థాంక్స్. గుడ్లగూబ గారి పోస్ట్ చదివాక నిన్న ఐదుగురికీ ఫోన్ చేశాను. పాప ఉన్నవాడు సరిగ్గా మీరు చెప్పిందే చెప్పాడు, రెండుసార్లు మానేశాక మొహం చూపించలేకపోయాడట. మొదటి, మూడో ఆదివారాలు ఖాయం చేశాం, ముగ్గురొస్తే ఆట. పిన్ని కొడుకు వన్‌షాట్ నడుపుతానని అప్పుడే మ్యాప్ గీస్తున్నాడు, నేను ఏ క్యారెక్టర్ తీసుకోవాలో తేల్చుకోలేక నిద్ర పట్టలేదు.

ఈ ఆదివారానికి నలుగురు వస్తామన్నారు. ఆ దొంగ పిల్ల రాదు, ఊళ్లో పెళ్లి ఉందట. నౌకరు సంగతి ఆవిడ వచ్చేదాకా కదిలించను.